తూకానికొచ్చిన చిక్కుడు గింజలు

పోయిన వారం మా మనవరాలి బడి నుంచి ఫోనుకి మెసేజ్ వచ్చింది. శుక్రవారం పరిశుభ్రతా దినం, ప్రతి విద్యార్థీ ఇంటి నుంచి ఒక కిలో ప్లాస్టిక్ చెత్త తీసుకురావాలి, తల్లిదండ్రులు సహకరించగలరు అని. ఖమ్మంలో మా ఇంటి చెత్తంతా ఏ రోజుకారోజు పొద్దున్నే మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోతుంది. ఇక కిలో చెత్త ఎక్కడి నుంచి వస్తుంది? మా కోడలు రెండు రోజులు ఆలోచించి, చివరికి కిరాణా కొట్టు నుంచి డజను కూల్‌డ్రింక్ సీసాలు కొనుక్కొచ్చింది. ఒక్కొక్కటే మూత తీసి సింకులో ఒంపేసింది. బరువు చాలదని పప్పు పోసుకునే మంచి డబ్బా కూడా ఒకటి చేర్చింది. "అదేంటమ్మా, చెత్త లేకపోతే కొనుక్కొచ్చి చేస్తున్నావా?" అన్నాను. "మీరు టీచరు చేశారు కదా అత్తయ్యా, మీకు తెలియందేముంది, అన్ని బళ్ళూ ఇంతే" అంది. మా కోడలు ఏ ఉద్దేశమూ లేకుండానే అంది. నాకు మాత్రం సూటిగా వచ్చి తగిలింది. తూకం పెట్టి పిల్లల చేత చెత్త తెప్పించిన మహానుభావుల్లో నేనూ ఒకదాన్ని మరి.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. మాది మధిర. మావారి ఉద్యోగం అక్కడే, రైల్వేలో. నన్ను మాత్రం భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న ఊరి బడికి వేశారు. అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని, నెలకోసారి ఇంటికి వెళ్ళి వస్తూ, రిటైరయ్యే దాకా ఆరేళ్ళు గడిపాను. నలభైమంది పిల్లలు, రెండు గదులు, నేను, పెద్దసారు. పెద్దసారు సత్తుపల్లి వైపు మనిషి, నాకంటే రెండేళ్ళు ముందు రిటైరు కావాల్సినవాడు, మంచి భారీ విగ్రహం. కుర్చీలో కూర్చున్నాక లేవాలంటే ముందు మనసులో తీర్మానం చేసుకోవాలి ఆయన. నేను ఆయనకి పూర్తిగా వ్యతిరేకం. మెడలో విజిలు, చేతిలో జాబితా లేకుండా నాకు తెల్లవారేది కాదు. ప్రార్థన దగ్గర పిల్లల వరస ఒక్క జానెడు వంకరపోయినా భరించలేకపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లల మీద జాలేస్తుంది. అప్పుడు మాత్రం వాళ్ళని ఉద్ధరిస్తున్నానని నా గట్టి నమ్మకం.

ఆ బళ్ళో మధ్యాహ్నం అన్నం వండే ఆమెని నేను వంటక్క అనేదాన్ని. ఇంట్లో కోయ మాట, బళ్ళో తెలుగు. సన్నగా, నిటారుగా ఉండేది. నా విజిలు చూస్తే ఆమెకి నవ్వు. పప్పులో ఏం వేసేదో గానీ, నలభైమందికి వండిన పప్పు అంత రుచిగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కొడుకూ కోడలూ మిరపకాయ కోతలకి దూరం పోతే మనవరాలిని తనే పెట్టుకుని పెంచేది. ఆ పిల్ల మా బళ్ళోనే నాలుగో తరగతి. వాళ్ళింటికి ఒకసారి ఇప్పపువ్వు ఎండబోస్తుంటే చూడటానికి వెళ్ళాను. పొయ్యికి పైన, పొగ తగిలేలా, వాసానికి తాడు కట్టి ఏడు ప్లాస్టిక్ సీసాలు వేలాడదీసి ఉన్నాయి. నీళ్ళ సీసాలు, నూనె సీసాలు. వాటి నిండా బూడిద. బూడిదలో విత్తనాలు. బీర, సొర, దోస, బెండ, ఇలాంటివి ఆరు. ఏడోది చిక్కుడు. తెల్లటి గింజ మీద పక్కకి జరిగిన బొట్టులాగా నల్లమచ్చ. అది వంటక్క పుట్టింటి చిక్కుడు. ఆ పుట్టిల్లు గోదావరి అవతల ఉండేదట. వరదలకి ఊరు లేచిపోయి, మనుషులు తలోదిక్కు కాలనీల్లో పడ్డారు. పొలాలు లేనివాళ్ళకి విత్తనాలెందుకు? అలా ఆ గింజ ఆమె ఒక్కదాని దగ్గరే మిగిలింది. ఎవరైనా అడిగితే కూర గిన్నెడు పంపేది గానీ, ఒక్క గింజ ఇచ్చేది కాదు. అడిగానని నాకూ కూరే వచ్చింది. ఆ పిసినారితనం మీద నేను చాలాసార్లు ఆటపట్టించాను కూడా.

ఆ ఏడు బడి తెరిచిన వారానికి పై నుంచి ఆదేశం వచ్చింది, పర్యావరణం మీద ఏదైనా కార్యక్రమం చేయమని. పెద్దసారు ఒక మొక్క నాటి ఫొటో పంపేద్దామన్నారు. నేను ఊరుకుంటానా? శనివారం చెత్త ఏరే దినం అన్నాను. నాలుగు రోజుల ముందు నుంచే పాఠాలు మొదలుపెట్టాను. వాడి పారేస్తే ఏమవుతుంది, ఆవు పొట్టలో కవర్లు ఎలా చేరతాయి, పాత సీసాల్లో తిండి వస్తువులు పెట్టుకుంటే ఏం ముప్పు, అన్నిటికీ చార్టులు గీశాను, బాణం గుర్తులతో సహా. పిల్లల్ని అక్కడి చెట్ల పేర్లతో మూడు జట్లు చేశాను. ఇప్ప జట్టు, మద్ది జట్టు, తునికి జట్టు. ఎవరు ఎక్కువ చెత్త తెస్తే వాళ్ళకి కొత్త వాలీబాల్. బియ్యం తూచే కాంటా మీద తూచి నిర్ణయం. ఈ కాంటా ఆలోచన నాదే. చాలా గొప్పగా అనిపించింది.

శనివారం పొద్దున బడి ఆవరణ చూసి తీరాల్సిందే. ముందు ఆవరణంతా ఊడ్పించాను. చెట్ల కింద ఏళ్ళ తరబడి పేరుకున్న ఆకులు కూడా వదలకుండా ఊడ్పించి, గోడ అవతల పోగు పోయించాను. నేల అద్దంలా తేలింది. తరవాత విజిలు ఊదితే జట్లు ఊరి మీద పడ్డాయి. చిప్స్ కవర్లు, షాంపూ పొట్లాలు, పెళ్ళిళ్ళలో వాడిన గ్లాసులు, రోడ్డు పక్కన యాత్రల వాళ్ళు పారేసిన సీసాలు. పది గంటలకి తునికి జట్టు అందరికంటే వెనకపడి ఉంది. వంటక్క మనవరాలు ఆ జట్టే. కాసేపు కనిపించకుండా పోయి, తువ్వాలు మూట వీపున వేసుకుని ఒగరుస్తూ వచ్చింది. మూట విప్పితే ఏడు సీసాలు, నిండా బూడిద. వంటక్క అప్పుడు వెనక వంటగదిలో ఎసట్లో బియ్యం పోస్తోంది. ఆ సీసాల్ని నేను వాళ్ళింట్లో నా కళ్ళతో చూశాను. అయినా గుర్తుపట్టలేదు. అక్కడ పొయ్యి మీద వేలాడుతుంటే విత్తనాలు, ఇక్కడ కాంటా మీద పడితే చెత్త. నా కంటికి అంతే ఆనింది. "లోపల ఏదో ఉన్నట్టుంది మేడమ్, ఖాళీ చేసి తూయొద్దా?" అని పెద్దసారు కుర్చీలోంచే అడిగారు. ఆయన ఆ రోజు చేసిన ఒకే ఒక్క పని ఆ ప్రశ్న అడగడం, అదీ సరైన ప్రశ్న. పదకొండింటికి ఆఫీసరు వస్తున్నాడు, ఫొటో తీయాలి. "ఉండనివ్వండి సార్, పిల్లల కష్టం" అన్నాను నేను. తునికి జట్టు గెలిచింది. ఆ పిల్ల బంతి పట్టుకుని, నేను భుజమ్మీద చెయ్యేసి, ఫొటో దిగాం. మధ్యాహ్నం పంచాయతీ ట్రాక్టరు వచ్చి సంచులన్నీ ఎత్తుకుని భద్రాచలం పోయింది. ఆ సాయంత్రం మంచి వాన కురిసింది. నా ఊడ్చిన నేల ఇంకా కడిగినట్టయిందని మురిసిపోయాను.

మర్నాడు ఆదివారం. ప్రార్థనకి వెళ్దామని చీర కట్టుకుని బైబిలు సంచిలో పెట్టుకుంటుంటే గుమ్మంలో వంటక్క, పక్కన తల వంచుకుని మనవరాలు. వంటక్క అరిచి గోల చేసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆమె మామూలు గొంతుతో, "టీచరమ్మా, నా సీసలు ఏడ పెట్టినవ్?" అంది. నేను పెట్టి ఉంటాననీ, ఏ బీరువాలోంచో తీసి ఇస్తాననీ ఆమె నమ్మకం. నాకు ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. వాసం, తాడు, బూడిద. బైబిలు సంచి మంచం మీద పెట్టేసి, ట్రాక్టరు ఎత్తుకుపోయిందని చెప్పాను.

"ఎందుకు తెచ్చావే?" అని ఆ పిల్లని అడిగితే చెప్పింది. "సంతల ఇప్పపువ్వు తూచినంక గంప మళ్ల ఇస్తరు గద టీచర్. గట్లనే తూచి ఇస్తరనుకున్న." ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూసిన తూకాలన్నీ అలాంటివే. జిగురు తూస్తారు, బుట్ట తిరిగి ఇస్తారు. చింతపండు తూస్తారు, గోనె తిరిగి ఇస్తారు. కాంటా ఎక్కించినంత మాత్రాన వస్తువు మనది కాకుండా పోతుందని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోరు. అది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. తప్పు నాదని అప్పుడే, అక్కడే ఆ పిల్లతో చెప్పాను. చెప్పినందుకు కొంచెం కూడా తేలికపడలేదు.

ట్రాక్టరతనికి ఫోను చేస్తే భద్రాచలంలో ఏ స్క్రాప్ కొట్టులో దింపాడో చెప్పాడు. ముగ్గురం బస్సెక్కాం. దారిలో వంటక్క ఒకే మాట చెప్పింది. "బీర, సొర పోతే పోనియ్. అవి ఏ ఇంట్ల అడిగినా ఇస్తరు. చిక్కుడే." ఆదివారం కాబట్టి దైవదర్శనానికి వచ్చినవాళ్ళతో ఊరు కిటకిటలాడుతోంది. జనాన్ని తోసుకుంటూ కొట్టు చేరేసరికి పదిన్నర. కొట్టతను నా మాట సగం విని, "సీసలా? నిన్ననే ఒంపేసినం మేడమ్. బరువు కోసం లోపల మన్ను పోసి తెస్తుండ్రు. అందుకే రాంగనే ఒంపిస్త నేను. ఏంది, అండ్ల బంగారం గిట్ల పెట్టిండ్రా?" అన్నాడు. "అంతకంటే ఎక్కువే" అన్నాను. అతను నన్నూ, వంటక్కనీ మార్చి మార్చి చూసి, నవ్వు ఆపుకుని, వెనక దొడ్లోకి తీసుకెళ్ళాడు.

దొడ్లో రేకుల పక్కన బూడిద కుప్ప వానకి ముద్దయి, బురదలో కలిసిపోయి ఉంది. మేమిద్దరం చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పిల్లతో సహా ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చున్నాం. ప్రార్థనకని కట్టుకున్న తెల్లచీర ఏ రంగులోకి వచ్చిందో చెప్పక్కర్లేదు. సొర గింజలు, దోస గింజలు కనిపిస్తున్నా ముట్టుకోలేదు. నల్లమచ్చ కోసమే వెతికాం. కాసేపటికి కొట్టతను కూడా, ఏం వెతుకుతున్నామో కనుక్కుని, ఒక చిల్లుల పళ్ళెం తెచ్చి బురద కడగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి రెండు పిడికిళ్ళ గింజలు దొరికాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. వంటక్క మాత్రం ఒక గింజ తీసుకుని బొటనవేలితో నొక్కి చూసింది. తోలు ముడతలు పడి, లోపల మెత్తగా ఉంది. "నీళ్లు తాగినయ్" అంది. ఎండబెడదామన్నాను. "నీళ్లు తాగిన గింజ మళ్ల ఎండితే లోపల సచ్చిపోతది. ఇప్పుడు భూమిల పడాలె. లేకుంటే లేదు" అంది.

"అయితే పోగానే వేసేద్దాం, దానికేం" అన్నాను ఉత్సాహంగా. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, విత్తనాల పండుగ. తొలకరి పడ్డాక ఆ ఊళ్ళో ఒక రోజు నిర్ణయించుకుంటారు. ఇంటికి పిడికెడు చొప్పున, ఎవరు ఏం పండిస్తే ఆ గింజలు తెచ్చి, ఊరి దేవత దగ్గర ఒకే చోట పోసి, మొక్కి, కలిపి, మళ్ళీ ఇంటింటికీ పంచుకుంటారు. అది అయ్యేదాకా ఊళ్ళో మనిషన్నవాడు మన్ను తవ్వడు, గింజ వేయడు. ఆ ఏడు పండుగ ఇంకా తొమ్మిది రోజులుంది. తడిసిన గింజ రెండు రోజులు ఆగదు. ఊరు చేరాక పెద్దసారుకి చెబితే, "ఎవరు చూస్తారు, పెరట్లో నాలుగు గింజలు వేసుకోమనండి" అన్నారు. వంటక్క ఆయన వైపు చూసిన చూపుకి ఆ భారీ మనిషి కుర్చీలో ఇంకొంచెం దిగిపోయారు. "మా ఇంట్ల ఎవ్వలూ పండుగకు ముందు మన్ను తవ్వలే. మా అమ్మ గింజ కోసమని నేను తవ్వాల్నా?" అంది. కళ్ళు తుడుచుకుంది. నేను ఆమె ఏడవగా చూసింది ఆ ఒక్కసారే.

సోమవారం పొద్దున బడి గేటు తీస్తుంటే నాకంటే ముందే వచ్చి నిలబడి ఉంది. తడిగుడ్డలో గింజలు మూటకట్టి నా చేతిలో పెట్టింది. "నీకు మా కట్టు లేదు గద టీచరమ్మా. నీది వేరే ప్రార్థన. నువ్వెయ్యి" అంది. కరివేపాకు మొక్కని కూడా బతికించుకోలేని చెయ్యి నాది. ఆ మాటే చెప్పాను. "ఇయ్యాల బతికిస్తవ్" అంది. ఆ తరవాత జరిగింది నేను జన్మలో మరిచిపోను. ఆవరణ గోడ పక్కన నేను గునపం పట్టుకుని వంగుని ఉన్నాను. వంటక్క వంటగది మెట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చుంది, ఆ పనిలో తనకి ఏ భాగమూ ఉండకూడదని. అలా వెనక్కి తిరిగి కూర్చునే పాఠం చెప్పింది. "రెండు గణుపుల లోతు చాలు." "కన్ను కిందికి పెట్టు." "గంత గట్టిగ తొక్కకు, అది ఊపిరి తీసుకోవాలె." చూడకుండానే అన్నీ ఆమెకి తెలిసిపోతున్నాయి. చివరికి, "ఆకులన్నీ ఊడ్పించినవ్. మన్ను ఏం తింటది?" అంది. నలభైమంది పిల్లలూ నా వైపే చూస్తున్నారు. విజిలు ఊదకుండా పెద్దసారు వైపు చూశాను. పిల్లలు కూడా ఆ పనిలో చెయ్యి పెట్టరు కాబట్టి ఆకులు మోయాల్సింది, నీళ్ళు మోయాల్సింది మేమిద్దరమే. ఆయన మనసులో తీర్మానం చేసుకుని, లేచి, గోడ అవతల పోగులోంచి నేను పారబోయించిన ఆకుల్నే తట్టలతో తెచ్చి మొదళ్ళలో పోశారు. తరవాత బకెట్ పట్టుకుని బోరింగు దగ్గరికి నడిచారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాలుగు రోజుల పాటు బాణం గుర్తులతో చెప్పిన దానికి ఒక్క చప్పటా పడలేదని మనవి.

మొలుస్తాయో లేదో అని ఆ వారం నాకు అన్నం సహించలేదు. వంటక్క పప్పులో ఉప్పు మరిచిపోయేది. ఆ పిల్ల బంతి ముట్టుకోలేదు. రోజూ గోడ పక్కన నిలబడి, చేతులు వెనక కట్టుకుని, నేలని చూస్తుండేది. ఆరో రోజు పొద్దున నన్ను కేకేసింది. మన్ను చీలి, వంగిన మెడలు పదకొండు. పెట్టినవాటిలో పావు వంతు కూడా లేవు. వంటగదిలోకి పరుగెత్తి చెప్పాను. వంటక్క గరిటె దించి, నా రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు తిప్పి చూసింది. పండుగ అయిన మర్నాడు తనే వచ్చి పాదులు గుల్ల చేసి పందిరి వేసింది. చలికాలానికి పందిరి నిండా కాయ. ఒక్క కాయ కూరకి కోయనివ్వలేదు, అంతా విత్తనానికే వదిలింది. పర్యావరణం, సుస్థిరత లాంటి నా పెద్ద మాటలన్నీ పిల్లలు మరిచిపోయారు గానీ, విత్తనానికి ఏ కాయ కోయాలో, ఏది ఎండేదాకా వదలాలో మాత్రం ఇంటికెళ్ళి చెప్పేవారు. దాచుకోమని నేను మధిర నుంచి మంచి గాజు సీసా తెస్తే, ఎలుకలు దొర్లిస్తే పగులుతుందని తిప్పి ఇచ్చేసింది. మళ్ళీ ప్లాస్టిక్ సీసానే, మళ్ళీ బూడిదే.

మరుసటి ఏడు పండుగకి నన్ను రమ్మంది. ఒక పక్కగా నిలబడి చూస్తున్నాను. ఇంటింటి వాళ్ళూ వచ్చి వడ్లో, జొన్నలో పోస్తున్నారు. వంటక్క ముందు తన వడ్లు పోసింది. తరవాత కొంగు విప్పి, రెండో పిడికిలి తీసింది. నల్లమచ్చ గింజలు. ఎవరు అడిగినా ఒక్కటీ ఇవ్వని గింజలు. ఊరి పెద్దాయన ఆగి, ఇవెవరివన్నట్టు చూశాడు. "ఇవి టీచరమ్మ ఇంటియి. ఆమె వేసిన పంట ఇదే" అంది. ఆయన తలూపాడు. గింజలన్నీ కలిశాయి. పంచుతున్నప్పుడు నా ఒళ్ళోనూ ఒక పిడికెడు పోశారు. ఆ సాయంత్రానికి ఆమె పుట్టింటి చిక్కుడు ఊళ్ళో లేని ఇల్లు లేదు. నేను ఆ జనంలో నిలబడి సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ పిల్ల ఇప్పుడు భద్రాచలంలో ఇంటర్ చదువుతోంది. ఏటా తొలకరికి, పండుగ రోజున ఫోను చేస్తుంది. "టీచర్, మీ ఇంటియి పోసినం" అంటుంది. వెనక నుంచి వంటక్క గొంతు వినిపిస్తుంది, "మచ్చ మంచిగొచ్చిందని చెప్పు" అని. నేను ఆ ఊరు వదిలి చాలా రోజులైంది. ఈ వయసులో అందరిలాగే నేనూ ఏళ్ళు ఊరికే జారిపోతున్నాయని గొణుక్కుంటూ ఉంటాను. ఆ ఫోను పెట్టేసిన రోజు మాత్రం అలా అనబుద్ధి కాదు. ఏడాది అంటే ఒక పిడికెడు గింజలు భూమిలోకి వెళ్ళి, మళ్ళీ పిడికెడు గింజలుగా ఎవరో ఒకరి చేతికి అందేంత కాలం, అంతే.